ఎర్రక్షరాల్లో 2.1

శనివారం పొద్దున్నే బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, నాకు కామెర్లంట." కంపెనీ వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్ట్ వచ్చింది. టోటల్ బిలిరుబిన్ 2.1, పక్కన ఎర్రగా 'హై'. నేను కేఆర్ పురం నుంచి వెళ్లేలోపే కబురు అనంతపురం చేరింది. అమ్మ ఏడుపు. రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కిస్తే పొద్దున్నే పసరు పోయిస్తానని పెద్దమ్మ.

రిపోర్ట్ తెరిచి చూశాను. ఆ ఎర్ర అంకె కిందే ఇంకో రెండు వరుసలున్నాయి. డైరెక్ట్ 0.3, ఇండైరెక్ట్ 1.8. లివర్ ఎలా ఉందో చెప్పే మిగతా అంకెలు, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, అన్నీ నార్మల్. వాటిని ఎవరూ చదవలేదు.

మన ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది విరిగినప్పుడు పుట్టే పసుపు పదార్థమే బిలిరుబిన్. నీళ్లలో కరగదు కాబట్టి ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని లివర్‌కు వెళ్తుంది. లివర్ దాన్ని కరిగేలా మార్చి పైత్యరసంలో బయటికి పంపుతుంది. మార్చకముందు ఇండైరెక్ట్, మార్చాక డైరెక్ట్. డైరెక్ట్ పెరిగిందంటే లివర్ దెబ్బతిందేమో, పైత్యనాళంలో రాయి అడ్డుపడిందేమో చూడాలి. మూత్రం ముదురు రంగులో రావడం, మలం తెల్లబారడం, ఒళ్లంతా దురద అప్పుడే కనిపిస్తాయి. ఇండైరెక్ట్ ఒక్కటే పెరిగితే దారి వేరు. సాధారణంగా రక్తకణాలు ఎక్కువగా విరుగుతుండాలి, లేదా పుట్టుకతోనే లివర్‌లో ఆ మార్చే ఎంజైమ్ కాస్త నెమ్మదిగా ఉండాలి. ఈ రెండోదాన్ని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారు. 1901లోనే ఫ్రాన్స్‌లో వర్ణించారు. వందలో ఐదుగురికో పదిమందికో ఉంటుంది. దానికి మందు అక్కర్లేదు. పస్తున్నా, జ్వరమొచ్చినా, ఒళ్లు బాగా అలిసినా అంకె పైకి లేస్తుంది.

వాడు ముందురోజు రాత్రి ఎనిమిదికి తిన్నాడు. రక్తం తీసే అబ్బాయి వచ్చేసరికి మర్నాడు పదకొండున్నర. పదిహేనున్నర గంటల పస్తు, దానికి ముందు వరసగా మూడు నైట్ షిఫ్టులు. ఎప్పుడు తిన్నావని ఒక్కరూ అడగలేదు. రిపోర్ట్ వచ్చిన గంటకే ల్యాబ్ నుంచి ఫోన్ మాత్రం వచ్చింది, 'లివర్ ప్యాకేజీ' తీసుకోమని. నాకు ఒళ్లు మండింది. భయపెట్టడానికి ఎర్ర సిరా ఉంది, ఇండైరెక్ట్ అంటే ఏమిటో ఒక వాక్యం రాయడానికి చోటు లేదా?

డాక్టర్ గారు రక్తకణాలు విరుగుతున్నాయేమో పరీక్షలు రాశారు. అవి బాగున్నాయి. తిన్నాక మళ్లీ చూస్తే 1.3. గిల్బర్టే అన్నారు. కొన్ని మందులు రాసేటప్పుడు డాక్టర్లకు ఈ సంగతి తెలియాలి కాబట్టి ఎక్కడికెళ్లినా చెప్పమన్నారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మా బాబాయికి బిలిరుబిన్ 0.7. "నా లివర్ బంగారం" అనేవాడు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ బయటపడింది. లివర్ మచ్చలు పడి గట్టిపడే సిరోసిస్ మొదట్లో కూడా ఈ అంకె మామూలుగానే ఉండొచ్చు.

పసరు గురించి పెద్దమ్మతో గట్టిగానే మాట్లాడాను. హెపటైటిస్ ఏ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకు వస్తుంది. మా మామయ్య విషయంలో అలా జరగలేదు. కళ్లు పచ్చబడి చలిజ్వరం వస్తుంటే రెండు వారాలు పసరు, పత్యం. ఉన్నది నాళంలో రాయి. ఆసుపత్రికి చేర్చేసరికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మనిషి దక్కలేదు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి బస్సు టికెట్ వద్దంది. కాసేపు మౌనంగా ఉండి, "మీ మామకి ఆ రోజు ఈ డైరెక్టేదో ఎవరైనా చూసుంటే?" అని అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను.