పిట్టలదొర మైకు ఎందుకు ఆగింది?

మొన్న మన సంఘం సద్దుల బతుకమ్మ వేడుకలో జరిగింది మీరంతా చూసిందే. ఊరూరా తిరిగి గొప్పలు కోస్తూ నవ్వించే పిట్టలదొర వేషం కట్టిన పిల్లవాడు ఊరికో ఎయిర్‌పోర్టు, ఇంటికో హెలికాప్టర్ పంచుతున్నంతసేపు కడుపు పట్టుకుని నవ్వాం. రెండు రాష్ట్రాల నాయకులనూ ఉతికి ఆరేస్తే ఈలలేశాం. "మన సంఘం లెక్కలన్నీ నా టోపీలనే ఉన్నయ్, ఆ టోపీ ఎవరికి పెట్టిన్నో యాదికొస్తలేదు" అన్నాడో లేదో, మైకు ఆగింది. టెక్నికల్ ప్రాబ్లం అన్నారు. అదే మైకులో మరుక్షణం రాఫిల్ నంబర్లు చదివారు.

మా ఊరు పరకాల దగ్గర. వరికోతలయ్యాక పిట్టలదొర వచ్చేవాడు. చిరిగిన ఖాకీ కోటు, టోపీ, భుజాన కట్టె తుపాకి. కాజీపేట జంక్షన్ మొత్తం తనదేననీ, టికెట్టుకు పైసల్లేక నడిచొచ్చాననీ మొదలుపెట్టి, సరిగ్గా పటేలు అరుగు ముందుకొచ్చి ఆగేవాడు. "నా దగ్గర రెండు తీర్ల తూకం రాళ్ళున్నయ్ పటేలా, ఇచ్చేటియి వేరు, తీసుకునేటియి వేరు" అనేవాడు. అది ఎవరి సంగతో ఊరందరికీ తెలుసు. జనం పటేలు ముఖం చూసేవాళ్ళు. ఆయన మీసం కింద నవ్వి, కుంచెడు వడ్లు పోయించేవాడు. తూకం మారిందా అంటే, లేదు. కానీ ఆ మాట నలుగురిలో అనగలిగిన మనిషి ఊళ్ళో అతనొక్కడే.

కమిటీ వాళ్ళ బాధ నాకర్థం కాకపోలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ హాలు బుకింగు నుంచి చెత్త సంచుల దాకా మోసేది వాళ్ళే. నలుగురిలో మాటంటే మనసు నొస్తుంది. మరి అదే వేదిక మీద భార్యల మీద పాచిపోయిన జోకులు అరగంట నడిచాయే, ఇంకో స్కిట్టులో పనివాడికే మన యాస పెట్టారే, అప్పుడు టెక్నికల్ ప్రాబ్లం రాలేదేం? సినిమాలు మన యాసను రౌడీలకు అంటగట్టాయని తెలంగాణ ఉద్యమం రోజుల్లో మండిపడ్డది మనమే కదా!

సెప్టెంబర్ 9న జయంతి అని ప్రజాకవి కాళోజీ ఫొటోకు దండ వేస్తాం. నిజాం కాలంలో జైలుకెళ్ళి, 1978లో సత్తుపల్లిలో ముఖ్యమంత్రి మీదే పోటీకి నిలబడ్డ మనిషి ఆయన. మన కమిటీని మాత్రం వదిలేసేవాడా? గొంతులు అనుకరించి ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళిన నేరెళ్ళ వేణుమాధవ్‌దీ మన వరంగల్లే.

ఉగాది కార్యక్రమాల జాబితా ఇంకా ఖరారు కాలేదు. ఆ పిల్లవాడికి పావుగంట ఇవ్వండి, స్క్రిప్టు ముందుగా చూపించమనకండి. కులం పేరెత్తినా, ఆడవాళ్ళ మీద వెకిలి మాటన్నా మైకు ఆపండి, నేను మీ పక్కనే ఉంటా. లెక్కలడిగితే మాత్రం కోశాధికారి గారిని వేదిక మీదికి పిలిచి చదివించండి.