ప్యానెల్ సరే, పక్కన కూర్చోబెట్టుకునేదెవరు?

అమెరికాలోని మన తెలుగు సంఘాల మహాసభల్లో 'విమెన్ ఇన్ టెక్', అంటే టెక్ రంగంలో మహిళల గురించిన ప్యానెల్ చర్చ మామూలైపోయింది. భోజనాలయ్యాక నలుగురు డైరెక్టర్లు, ఒక మైకు, చివర్లో శాలువాలు, ఫోటోలు. వినడానికి బాగానే ఉంటుంది. విన్న అమ్మాయిల పనిలో ఏమైనా మారుతుందా అంటే, నాకు నమ్మకం లేదు.

అమెరికా విదేశాంగ శాఖ 2011లో మొదలుపెట్టిన టెక్‌విమెన్ పద్ధతి వేరు. ఆఫ్రికా, పశ్చిమాసియా, మధ్య ఆసియా దేశాల నుంచి, మన పొరుగున పాకిస్తాన్ నుంచి కూడా, సాంకేతిక రంగాల్లోని మహిళలను సిలికాన్ వ్యాలీకి రప్పించి, ఐదు వారాల కార్యక్రమంలో ఇక్కడి కంపెనీల్లో పనిలో కూర్చోబెట్టారు. ఆఫీసు పనికి పక్కనుండి దారి చూపే ఒక మెంటరు, ఇక్కడి జీవితం అలవాటు చేయడానికి వేరే మెంటరు. ఈ రెండో మనిషి ఉండాలని తట్టినవారికి దండం పెట్టాలి. మీటింగులో ఎక్కడ నోరు విప్పాలో, మేనేజర్‌కు కుదరదని ఎలా చెప్పాలో తెలియక వచ్చిన కొత్తలో మనలో తడబడనిదెవరు?

ఆ దేశాల జాబితాలో ఇండియా లేదుగా, మనకెందుకంటారా? మెంటర్లు మాత్రం ఇక్కడివాళ్లే, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. సిలికాన్ వ్యాలీ ఉన్న బే ఏరియాలో అలా మెంటర్లు కాగల మనవాళ్లకు కొదవా!

ఇక మన ఊళ్ల అమ్మాయిలకైతే వీసా అక్కర్లేని దారి ఉంది. 2006లో గ్నోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఆడపిల్లల కోసం మొదలుపెట్టిన ప్రయత్నమే తర్వాత ఔట్‌రీచీ అయింది. టెక్ రంగంలో వివక్షకు గురయ్యే ఇతరులకూ ఇప్పుడు అందులో చోటుంది. ఏడాదికి రెండు విడతలు, మూడు నెలల ఇంటర్న్‌షిప్, ఇంటి నుంచే పని, 7,000 డాలర్ల స్టైపెండ్. అయితే ఎంపికకు ముందే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టులో, పని చేసి చూపించాలి. డౌటొస్తే అందరూ చూసే చాట్‌లో అడగాలి. కరీంనగర్‌లోనో కాకినాడలోనో చదివే పిల్లకు కోడ్ రాక కాదు, ఇంగ్లిష్ తప్పుపోతే నవ్వుతారేమోనని చెయ్యి ఆగుతుంది.

అక్కడ కావాలి మన అక్కలు. దరఖాస్తుల నెలలో వారానికి ఒక గంట, ఒక్కొక్కరికి ఒకే అమ్మాయి. రాసిన ప్రశ్న పంపే ముందు ఒకసారి చదివి, "బాగానే ఉందమ్మా, పంపెయ్" అనడానికి డైరెక్టర్లే కానక్కర్లేదు, రెండేళ్ల అనుభవం చాలు. మన సంఘం వచ్చే విడతకే పేర్లు తీసుకోవడం మొదలుపెట్టాలి. మహాసభలో ప్యానెల్ కూడా పెట్టుకోండి, కాదనను. శాలువాల డబ్బు మాత్రం ల్యాప్‌టాప్ లేని పిల్లలకు మళ్లించండి.