కాలికి కట్టిన కందిపప్పు

నలభై దాటాక పరుగు మొదలుపెట్టినవాడి మోకాలు రేసులో దెబ్బతింటే కాస్త గౌరవంగా ఉండేది. అలా జరగదు. రేసు పదిహేను రోజుల్లో ఉందనగా, తెల్లవారుజామున కేబీఆర్ పార్కు బయట, వెనకనించి కుక్క భౌమంటే చటుక్కున తిరగబోయినప్పుడు దెబ్బతింటుంది. పాదం నేలకి అతుక్కునే ఉంటుంది, పైన ఒళ్ళు తిరిగిపోతుంది, మధ్యలో మెనిస్కస్ నలుగుతుంది. అది తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య చంద్రవంకల్లా ఉండే మెత్తల జత. మోకాల్లో ఏది పోయినా మనకి ‘గుజ్జు అరిగింది’ అన్నమాట ఒక్కటే కాబట్టి, ఇంటిల్లిపాదికీ అదే కబురు అందుతుంది.

రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరిందేమో, లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) తెగిందేమో అని డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి (పరుగెత్తలేడు కదా, ఆటో ఎక్కాలి). మెనిస్కస్ వాపు ఎక్కువగా నింపాదిగా వస్తుంది. మన రన్నరు మర్నాడు లేచి చూసుకుంటే మోకాలు దోసకాయంత అయి ఉంటుంది.

ఈలోగా నెల్లూరు నించి అత్తయ్య ఫోను: “ఒరే అబ్బాయ్, పుత్తూరు కట్టు కట్టించరా!” ఆ కట్టు విరిగిన ఎముకలకి, ఇక్కడ ఎముక విరగలేదు అని ఆవిడకి చెప్పే ధైర్యం వంశంలో ఎవరికీ లేదు. కిందింటి మావయ్యగారు వావిలాకు కాపడం అంటారు. రన్నింగ్ గ్రూపులో పదకొండు మంది షూ మార్చమంటారు, పన్నెండోవాడు తన పాత షూ అమ్ముతానంటాడు.

చివరికి ఎమ్మారై. అరగంట సేపు డప్పుల మధ్య పడుకుంటే రిపోర్టు వస్తుంది: ‘పోస్టీరియర్ హార్న్‌లో (అంటే మెత్త వెనక కొసలో) గ్రేడ్ 3 చీలిక’. గ్రేడ్ 3 అంటే మూడో స్టేజీ అనుకుని ఇంట్లో కళ్ళనీళ్ళు. నిజానికి దానర్థం, స్కానులో మెత్త లోపల కనిపించే గీత దాని ఉపరితలం దాకా వచ్చింది, అంటే చీలిక నిజమే అని మాత్రమే. 1, 2 గ్రేడ్లని చీలికలుగా లెక్కెయ్యరు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ ఊళ్ళో 50 ఏళ్ళు దాటిన 991 మంది మోకాళ్ళకి ఎమ్మారై తీసి చూశారు. 2008లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, చీలిక ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెల్లో నొప్పీ లేదు, బిగుసుకుపోవడమూ లేదు. వాళ్ళకి రిపోర్టు లేకపోవడమే ఆరోగ్యం.

డాక్టరు అడిగే ఒక్క ప్రశ్నకి సరిగ్గా జవాబిస్తే సగం పని అయిపోతుంది: “కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా?” మనవాడేమో “కింద కూచుంటే పట్టేస్తోంది సార్” అంటాడు. అది నొప్పి. చీలిన ముక్క బకెట్ పిడిలా మడతపడి కీలులో ఇరుక్కుంటే కాలు సగంలో ఆగిపోతుంది, లాగినా చాపుకోదు. అలాంటప్పుడు ఆపరేషన్ సంగతి వాయిదా వెయ్యకూడదు. కుర్రవాళ్ళకి ఆటలో లిగమెంటుతో పాటు తెగినా, మెత్త వేరుదగ్గరే ఊడినా అది వేరే కథ. వయసుతో పీచుబారి చీలిన మెత్తకి మాత్రం తొందరెందుకు?

ఫిన్లండ్ వాళ్ళు చేసి 2013లో అచ్చువేసిన ప్రయోగం గురించి వింటే అత్తయ్య కూడా నవ్వుతుంది. ఇలాంటి చీలికలున్న 146 మందిని తీసుకుని, అందరికీ గొట్టం పెట్టి లోపల చూసి, కొందరికి మెత్త అంచు కత్తిరించారు. మిగతావాళ్ళకి ఉత్తుత్తి ఆపరేషన్: పనిముట్లు అడగడం, కాలు అటూ ఇటూ కదపడం, సక్షన్ చప్పుడు, అన్నీ ఉన్నాయి, కత్తిరింపే లేదు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఒకేలా కోలుకున్నాయి.

పైగా కత్తిరించింది మళ్ళీ మొలవదు. బయటి అంచుకి రక్తం అందుతుంది కాబట్టి అక్కడైతే కుట్టు అతుక్కునే అవకాశం ఉంది, కానీ కుట్టు వేస్తే వారాల తరబడి కర్రలు, పరుగుకి నెలల సెలవు.

అయినా ఆపరేషన్‌కో ఆకర్షణ ఉంది. చుట్టాలు యాపిల్స్ పట్టుకొస్తారు. ఆపరేషన్ బదులు వ్యాయామమని పన్నెండు వారాలు రోజూ కాలెత్తి దించేవాణ్ణి చూడ్డానికి అరటిపండు పట్టుకుని కూడా ఎవరూ రారు.

ఆ ఎత్తడమైనా సరిగ్గా ఎత్తాలి. వెల్లకిలా పడుకుని, మంచి కాలు మడిచి, దెబ్బతిన్న కాలి తొడ బిగించి, మోకాలు వంగకుండా రెండో మోకాలి ఎత్తుదాకా లేపి, అయిదు లెక్కపెట్టి దించాలి. పదేసి చొప్పున మూడు సార్లు. తొడ బిగించకుండా ఎత్తితే పనంతా తుంటి చేస్తుంది, మోకాలికి దక్కేది సున్నా. తర్వాత మెట్టు దిగే వ్యాయామం, అద్దం ముందు, మోకాలు లోపలికి వాలకుండా. నొప్పి పదికి మూడు దాటకపోతే, మర్నాటికి వాపు పెరగకపోతే కొనసాగించొచ్చు.

మూడో వారంలో ఫిజియో చీలమండకి కిలో బరువు కట్టమంటాడు. రేసు మెడల్ రిబ్బనుతో కిలో కందిపప్పు ప్యాకెట్ కట్టుకుని, ఏడో ఎత్తులో అయిదు లెక్కపెడుతూ కాలు గాల్లో ఉండగా వంటింట్లోంచి కేక: “పప్పు డబ్బా ఖాళీ! మొన్న తెచ్చిన ప్యాకెట్ ఎక్కడ పెట్టారండీ?”