ఆ సైనికులకు జబ్బులు రాలేదని ఎవరు చెప్పారు?

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. ఈసారి పంపింది మా పెదనాన్న. "అమెరికా అంతర్యుద్ధ సైనికుడి జీవితం: నేటి తరం తెలుసుకోవాల్సిన నిజాలు" అని పేరు. 1861-65లో అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం అది. అందులో ఉన్నది ఇది: వాళ్లు గట్టి రొట్టె, కాఫీతో బతికారు. టీకాలు, మందులు లేకుండానే జబ్బు అనేది ఎరగరు. చనిపోయినవాళ్లంతా తూటాలకే పోయారు. మత్తుమందు లేకుండా, పళ్ల మధ్య తూటా కొరికి పట్టుకుని కాళ్లు కోయించుకున్నారు. మనోవ్యాధులంటే తెలీదు. శత్రువులే నది మీదుగా కాఫీ, పొగాకు ఇచ్చిపుచ్చుకున్నారు.

నేను ఉండేది వర్జీనియాలో, ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి అరగంట దూరంలో. ఆ యుద్ధభూముల్లో ఎన్ని సాయంత్రాలు నడిచానో లెక్కలేదు. ఇక ఊరుకోలేను.

రొట్టె సంగతి రెండు ముక్కల్లో తేలుతుంది. పిండి, నీళ్లు కలిపి రాయిలా కాల్చిన బిస్కట్టు అది. పురుగులు పట్టేది. వేడి కాఫీలో వేస్తే పురుగులు పైకి తేలేవి, తీసి పారేసి తినేవాళ్లు. కూరగాయలు అందక స్కర్వీ అనే జబ్బు వచ్చేది. దాన్ని ఆరోగ్య రహస్యం అనకండి.

మత్తుమందు లేదన్నది కూడా తప్పే. క్లోరోఫాం, ఈథర్ అప్పటికే పదేళ్లకు పైగా వాడుకలో ఉన్నాయి. కోతల్లో చాలావరకు మత్తు ఇచ్చే చేశారు. 1863 మే 2 రాత్రి ఛాన్సలర్స్‌విల్ దగ్గర దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్‌కు సొంత సైనికుల తూటాలే తగిలితే, క్లోరోఫాం ఇచ్చి ఎడమ చెయ్యి తీసేశారు. ఆ చేతికి ఇక్కడ విడిగా సమాధి కూడా ఉంది. ఎనిమిది రోజులకు ఆయన పోయారు. దేనితో? న్యుమోనియాతో.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ యుద్ధంలో పోయింది సుమారు 6,20,000 మంది అని పాత లెక్క. అందులో దాదాపు మూడింట రెండు వంతులు జబ్బులతోనే పోయారు. ఎందరో ముందు వరుసకు చేరకుండానే, గుడారంలో, గడ్డి పరుపు మీద. విరేచనాలు, టైఫాయిడ్, మలేరియా. మరుగుదొడ్డి గుంట ఒక పక్క, తాగే నీళ్ల వాగు దాని పక్కనే. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లను చేరిన కొత్తలోనే తట్టు పట్టుకుంది. ఒక్క ఉత్తరాది సైన్యంలోనే 60,000కు పైగా తట్టు కేసులు, 4,000కు పైగా చావులు. మలేరియా దోమతో వస్తుందని ఎవరికీ తెలీదు. దోమలో మలేరియా క్రిమిని 1897లో, మన సికింద్రాబాద్‌లో, కనిపెట్టింది రోనాల్డ్ రాస్ అనే డాక్టరు. ఆ యుద్ధం రోజుల్లో చెడ్డ గాలి వల్ల అనుకున్నారు.

మందులు లేకుండా బతికారా? ఉత్తరాది వాళ్లు మలేరియాకు క్వినైన్ మందు పంచారు. ఓడరేవుల దిగ్బంధంలో ఉన్న దక్షిణాదివాళ్లు దాన్ని దొంగచాటుగా తెప్పించుకున్నారు, దొరకనప్పుడు చెట్ల బెరడు కాచుకుని తాగారు.

టీకాలు లేవా? సైన్యంలో చేరినవాడికి మశూచి టీకా వేయాలన్నది నియమం. టీకా మందు అందని చోట పక్కవాడి చేతి మీది పొక్కు పెచ్చు గీకి తమ చేతికి అంటించుకున్నారు. కొందరికి పుండ్లు పడి చెయ్యి కదలలేదు. ఒక్క టీకా కోసం అంత పని చేసిన మనుషుల్ని టీకాలు వద్దనడానికి సాక్ష్యంగా నిలబెడతారా? ఈ మెసేజ్ రాసినవాడికి సిగ్గుండాలి. చదవకుండా పంపేవాళ్లకూ కొంచెం ఉండాలి.

ఇంత కోపం ఎందుకంటే, మా పెదనాన్న కూతురు, నా చెల్లెలు, ఈ మెసేజ్ చూసి తన పాపకు తొమ్మిది నెలలు నిండగానే వేయించాల్సిన తట్టు టీకా ఆపేసింది. పాపకు ఇప్పుడు పదో నెల.

మనోవ్యాధుల మాట. ఇంటి మీద బెంగను ఉత్తరాది సైన్యపు డాక్టర్లు జబ్బుగా రాసుకున్నారు, 5,000కు పైగా కేసులు. కారణం లేకుండా గుండె దడదడలాడే సైనికుల గురించి డా కోస్టా అనే డాక్టరు 1871లో పెద్ద వ్యాసమే రాశాడు. పేరు వేరు, బాధ అదే.

ఇక నది మీద కాఫీ. ఇది చదివి ముందు నేను కొట్టిపారేశాను. తర్వాత చూస్తే నిజం. 1862-63 చలికాలంలో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర రాపహానాక్ నదికి అటూ ఇటూ కాపలా ఉన్న సైనికులు చిన్న చిన్న బొమ్మ పడవలు చేసి, ఇటు నుంచి కాఫీ, అటు నుంచి పొగాకు పంపుకున్నారు. డిసెంబరులో అక్కడే జరిగిన పోరులో ఒకరినొకరు వేలల్లో చంపుకుని, గాయపరుచుకున్నవాళ్లే. ఆ ఒడ్డున నిలబడి చూశాను. నది అంత వెడల్పేమీ కాదు, గట్టిగా పిలిస్తే అవతలికి వినబడుతుంది.

పెదనాన్నా, ఆ ఒక్క వాక్యం ఉంచుకోండి, మిగతాది తీసేయండి. పాపకు టీకా వేయించిన రోజు చెల్లిని నాకు ఫోన్ చేయమనండి. ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్లేదు.