బావ బూట్లు, బాకో కోతులు

బాకో నేషనల్ పార్కుకు రోడ్డు లేదు. మలేసియాలోని సారవాక్ రాష్ట్ర రాజధాని కుచింగ్ నుంచి బాకో ఊరి దాకా బస్సు, అక్కణ్ణుంచి పడవ. ఆ పడవ మనల్ని ఎక్కడ దించాలో తేల్చేది పడవవాడు కాదు, సముద్రం. పోటు మీదుంటే జెట్టీ దాకా వస్తుంది. ఆటులో అయితే దూరంగానే ఆపి, దిగి నడవమంటారు.

మేం వెళ్ళింది ఆటులో. మా బావ వేసుకొచ్చింది కొత్త తెల్ల బూట్లు.

"తడిస్తే ట్రెక్కింగ్‌కి పనికిరావురా" అంటూ వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ముడేసి, నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. నిమజ్జనానికి తీసుకెళ్ళే వినాయకుణ్ణి కూడా అంత భక్తిగా మొయ్యరు.

బావ వచ్చింది పొడుగు ముక్కు కోతి కోసం. సారవాక్ ఉన్న ఈ బోర్నియో దీవి అడవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదది. మగవాటికి ముక్కు నోటి మీదకు వేలాడుతూ ఉంటుంది. తిన్న ఆకులు కడుపులో పులిసి అరగాలి కాబట్టి పొట్ట ఎప్పుడూ ముందుకే. పండిన తీపి పళ్ళు ఎక్కువ తింటే గ్యాస్ పట్టేస్తుందట. (ఇదంతా బావ చెబుతుంటే అక్క ఆయన పొట్టవైపే చూస్తోంది.) పార్కులో చెట్ల మీద రంగు గుర్తులున్న దారులు బోలెడు. "అందరూ వెళ్ళే చోటికి మనం వెళ్ళం. ఎవరికీ తెలియని స్పాట్ ఒకటి పట్టాను" అన్నాడు బావ.

ఆ స్పాట్ ఏమిటో మాకు ఇప్పటికీ తెలియదు. మడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీదే ప్రయాణం ఆగిపోయింది.

అక్కడ పొడుగు తోక కోతులు వేరే ఉన్నాయి. కవరు గరగరమంటే లోపల తిండి ఉన్నట్టే అని వాటి లెక్క. బావ కాళ్ళకంటిన ఇసుక దులుపుకునేలోపు ఒకటి కవరుతో చెట్టెక్కేసింది. ముడి కొరికింది. ఒక బూటు తీసి వాసన చూసింది. అప్పుడు దాని ముఖంలో కనిపించిన భావం మా అక్క ముఖంలో చాలాసార్లు చూశాను. రెండోదాని వాసన చూసే సాహసం చెయ్యకుండా అన్నీ కలిపి కింద బురదలో పడేసింది.

బావ వంతెన మీద బోర్లా పడుకుని గొడుగు పిడితో బూట్లు లాగడం మొదలుపెట్టాడు. బురద మీద గెంతే చేపలు రెండు అప్పటికే వచ్చి ఒక బూటును పరిశీలిస్తున్నాయి.

ఇంతలో పైనుంచి "హాంక్... హాంక్" అని ముక్కుతో తీసిన శబ్దం.

"నవ్వింది చాల్లే, వచ్చి సాయం పట్టు" అన్నాడు బావ, తలెత్తకుండా.

"బావా, నేను కాదు. పైన..."

"పైన ఉంటే ఉండనీరా! బూటు అందేలా ఉంది!"

సరిగ్గా ఆయన తల మీది కొమ్మపై పెద్ద మగ కోతి. ముక్కు వేలాడేసుకుని, పొట్ట ఒళ్ళో పెట్టుకుని, ఆకు నములుతూ కిందికి చూస్తోంది. ఒక బూటు చేతికందాక బావ తలెత్తాడు. అప్పటికి కొమ్మ ఊగుతోంది, అంతే.

నేను మాత్రం ఇద్దరూ పడేలా ఫోటో తీశాను. అక్క దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద ఒక ముక్క రాసింది: "కొమ్మ మీద ఉన్నది కాదు. కింద ఉన్నది మీ అల్లుడు."