ఊప్స్ గారికి బహిరంగ లేఖ

ఊప్స్ గారూ,

బాగున్నరా? మీరు హన్మకొండల దిగినప్పటి సంది ఇక్కడ ఎవ్వలూ తప్పు చేస్తలేరు, అన్నీ వాటంతటవే అయితున్నయ్, అందుకే ఈ ఉత్తరం.

మీ ఇంగ్లీషు మాటల ఖాందాన్ మొత్తం నాకెరుకే. ఔచ్ అంటె దెబ్బ తాకినోడు అనేది. ఫ్యూ అంటె గండం గడిచినంక. అహ్-ఓ అంటె గండం ఇంకా గుమ్మం కాడ ఉన్నప్పుడు. ఓఎంజీ, అంటె ఓ మై గాడ్, ఇప్పటి పోరగాండ్లది అనుకుంటరు గని 1917లనే బ్రిటన్ అడ్మిరల్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంల ఉన్నది, పెద్దమనిషే. వీళ్ళతోని నాకేం పంచాయితి లేదు.

పంచాయితి మీతోనే. మీ డ్యూటీ ఎంత, చేతులకెల్లి చెంచ జారితె, ఫోన్ల ఒక అక్షరానికి ఇంకోటి పడితె, అంతే గదా. కంప్యూటర్లను నడిపే లైనక్స్‌ల సుత, దాని గుండెకాయ లాంటి కెర్నల్ తప్పు చేస్తె ఊప్స్ అంటరు, చాలాసార్లు మిషిన్ ఎట్లనో నడుస్తనే ఉంటది, ఇగ కోలుకోదంటె దానికి ప్యానిక్ అని వేరే పేరు పెట్టిండ్రు. కంప్యూటర్‌కున్న లెక్క మనుషులకు లేకపాయె.

మొన్న మా గల్లీల కేబుల్ కోసం తవ్వుకుంట జేసీబీ పంటికి నల్లా పైపు పలిగింది, నీళ్ళు గోడలెక్కి ఎగిరినయ్, సూపర్‌వైజర్ పిలగాడు చెవులకెల్లి ఇయర్‌ఫోన్ తియ్యకుంటనే "ఊప్స్" అని ఫొటో తీసుకున్నడు. పక్కింటి అవ్వ బిందె చంకలవెట్టుకొని అచ్చి "ఊపుడేంది బిడ్డా, ఊపకుంటనే పలగ్గొడితివి గదా" అన్నది. వాడు సారీ అన్నా బాగుండు, సారీ అంటె "మరి ఎప్పుడు బాగుచేస్తవ్" అని అడగొచ్చు, మీరొస్తె ముచ్చట ఆడికే ఖతం.

మా తెలుగు "అయ్యో"ను చూడుండ్రి జెర. పక్కోని కాలు మీద బండెక్కినా, పక్కోని బిడ్డ ఇంటర్ తప్పినా అది దెబ్బ తాకినోని దిక్కే పోతది. అరెరె అన్నోడైతె కనీసం పట్టుకుందామని చెయ్యన్న చాపుతడు. మీరు మాత్రం తాకిచ్చినోని ఎంబడే నిలబడి వాని ఇజ్జత్ కాస్తరు, గిదెక్కడి న్యాయం సారూ.

అందుకే అర్జీ ఏందంటె, భద్రకాళి చెరువు కట్ట మీద సెల్ఫీ దిగుకుంట ఐస్‌క్రీం జారవిడిచేటోళ్ళు మస్తుమంది, మీరు వాళ్ళ కాడనే ఉండుండ్రి. పైపుల కాడికి, బ్యాంకు కౌంటర్ కాడికి, ఆపరేషన్ థియేటర్ల కాడికైతె అస్సలు రాకుండ్రి.

ఇట్లు,
ట్యాంకర్ లైన్ల నిలబడ్డోడు, సుబేదారి

తా.క.: మీ చెల్లె "మై బ్యాడ్" (తప్పు నాదే అనేది) సుత బయలుదేరిందని విన్న. కాజీపేటల దిగకుంట అదే రైల్ల ముందుకు తోలుండ్రి.