నూట యాభై ఒక్క రోజులు

గత ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లోని మన తెలుగు సంఘం ఉగాది వేడుకలు ముగిసి, పులిహోర పొట్లాల పంపకం ఇంకా సాగుతుండగానే జరిగిన సర్వసభ్య సమావేశంలో చదివిన ప్రతిపాదన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏడాదిలో ఐదు నెలలు గానీ అంతకు మించి గానీ మిషిగన్ రాష్ట్రంలో ఉండని జీవిత సభ్యులను ‘అతిథి సభ్యులు’ అనే వేరే జాబితాలో చేర్చాలని, వారికి ఓటు, కమిటీల్లో చోటు ఉండరాదని దాని సారాంశం. చదివినవారు మన కోశాధికారి. చిన్నప్పుడు మన ఆదివారం తెలుగు బడిలో నేనే అక్షరాలు దిద్దించిన అబ్బాయి. నావైపు చూసి, ఎంతో మర్యాదగానే, “సగం అక్కడ, సగం ఇక్కడ ఉండేవాళ్ళను ఎక్కడివాళ్ళుగా లెక్కవేయాలి ఆంటీ?” అని అడిగాడు. నాకు మాట రాలేదు. ప్రతిపాదన సెప్టెంబరుకు వాయిదా పడింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

మేము 1983లో డెట్రాయిట్ వచ్చాం. ఊరి పక్క నోవైలో వేంకటేశ్వరుడి గుడి లేని రోజుల్లో సత్యనారాయణ వ్రతాలు, సంక్రాంతి పేరంటాలు, చివరికి మన సంఘం నాటకాల రిహార్సళ్ళు కూడా మా బేస్‌మెంట్‌లోనే జరిగేవి. 2018లో ఇద్దరం ఉద్యోగ విరమణ చేశాక, కోవిడ్ రోజులు మినహాయిస్తే, ప్రతి ఏటా నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు విజయవాడ పటమటలోని మా ఫ్లాట్‌లో ఉంటున్నాం. మొత్తం 151 రోజులు. మా ఇంట్లో అందరికీ కంఠస్థమైన సంఖ్య అది.

ఈ జీవితం బయటికి ఎంత హాయిగా కనిపిస్తుందో నాకు తెలుసు. మా పక్కింటి పెద్దాయన కార్ల కంపెనీలో పనిచేసి విరమించినవారు. థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన వారానికే భార్యతో కారెక్కి ఐ-75 రహదారి పట్టుకుని ఫ్లోరిడా చేరుకుంటారు. పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, అదే మెడికేర్, ఆ కార్డు అక్కడా చెల్లుతుంది, ఫోన్ నంబరు మారదు, ఇంటికి ఏదైనా అయితే విమానమెక్కి ఆ పూటే రాగలరు. మనల్నీ ఆయనలాగే స్నోబర్డ్స్, అంటే చలికాలం వెచ్చని చోటికి వలసపోయేవాళ్ళు, అంటారు గానీ, సముద్రాలు దాటి వెళ్ళేవాళ్ళ లెక్కలు వేరు.

మెడికేర్ ఈ దేశపు సరిహద్దు దాటితే దాదాపుగా పనిచేయదు. అయినా అందులో డాక్టర్ల ఖర్చు భరించే పార్ట్ బి రుసుము కడుతూనే ఉండాలి. 2025లో అది మనిషికి నెలకు 185 డాలర్లు కాబట్టి, ఇద్దరం వాడుకోని ఐదు నెలలకు 1,850 డాలర్లు. ఆ డబ్బు ఆదా చేద్దామని పార్ట్ బి మానేసిన మిత్రులొకరు తిరిగి చేరబోయినప్పుడు తెలిసింది, మానేసిన ప్రతి పూర్తి సంవత్సరానికి పది శాతం చొప్పున జరిమానా దాదాపు జీవితాంతం పడుతుందని, అలా చేరడానికి గడువు జనవరి నుంచి మార్చి వరకేనని. సరిగ్గా మనం అక్కడ ఉండే నెలలవి. మెడికేర్ ఇవ్వని ఖర్చుల కోసం మేము తీసుకున్న మెడిగాప్ ప్లాన్ జి అనే అదనపు బీమాలో విదేశాల్లో అత్యవసర చికిత్సకు కొంత రక్షణ ఉంది. తొలి 250 డాలర్లు మనం భరిస్తే మిగిలినదానిలో 80 శాతం, జీవితకాలం మొత్తానికి 50,000 డాలర్ల వరకు ఇస్తారు. అయితే ప్రయాణం మొదలైన అరవై రోజుల లోపు వచ్చిన జబ్బుకే అది వర్తిస్తుందన్న వాక్యాన్ని మేము చదివీ పట్టించుకోలేదు. 2023లో భోగి ముందురోజు రాత్రి మా వారికి పిత్తాశయం వాచి, తెల్లవారేసరికి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అప్పటికి మేము ఇల్లు వదిలి డెబ్బై రోజులు దాటింది. డాక్టర్లు చక్కగా చూశారు. వాకిట్లో ముగ్గు కూడా పెట్టకుండా మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు వంతులు వేసుకుని ఆస్పత్రికి కాఫీ, చారన్నం తెచ్చారు. ఖర్చు మాత్రం ప్రతి రూపాయీ మా చేతిదే. ఆ తరవాత అక్కడ కూడా ఒక ఆరోగ్య బీమా తీసుకున్నాం గానీ, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకు ఎదురుచూడవలసి ఉంటుంది. డెబ్బై ఏళ్ళు దాటినవారికి మూడేళ్ళంటే చాలా కాలం.

పన్నుల సంగతి క్లుప్తంగానే చెబుతాను. గుంటూరు దగ్గర స్థలం అమ్మిన మిత్రులొకరికి ఆ ఏడాది అక్కడి ఆదాయం 15 లక్షల రూపాయలు దాటింది. అలా దాటి, అంతకు ముందు నాలుగేళ్ళలో కలిపి 365 రోజులు అక్కడ గడిపి ఉన్నవాళ్ళకు, పన్ను కోసం అక్కడి నివాసిగా లెక్కించే 182 రోజుల హద్దు 120కి తగ్గేలా 2020లో చట్టం మార్చారు. నవంబరు 1 నుంచి లెక్కపెడితే ఫిబ్రవరి 28కి సరిగ్గా 120 రోజులు. అమెరికా పింఛను మీద అక్కడ పన్ను పడదని ఆడిటరు నచ్చజెప్పినా, కాగితాల చిక్కులకు భయపడి ఆయన ఫిబ్రవరి మూడో వారంలోనే మంచులోకి తిరిగివచ్చేశారు. గ్రీన్ కార్డు మీద ఉన్న మా ఆడపడుచు అమెరికా బయట 180 రోజులు దాటకుండా చూసుకుంటుంది. అక్కడి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఇక్కడ విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ పత్రం సమర్పించాలి. రీఛార్జి చేయకుండా, వాడకుండా తొంభై రోజులు వదిలేస్తే అక్కడి సిమ్ పోవచ్చు. ఒక ఏడాది మా నంబరు అలాగే పోయి, ఓటీపీ రాక, సొంత డబ్బు తీసుకోవడానికి మా వారు బ్యాంకు మెట్లు పదకొండు సార్లు ఎక్కిదిగారు.

ఇన్ని ఇబ్బందులుండగా ఎందుకు వెళతారని మా అమ్మాయి కూడా అడుగుతుంది. కేవలం చలికి భయపడి వెళ్ళడం లేదు, ఈ చలిలో ముప్పై ఐదేళ్ళు ఉద్యోగాలు చేశాం. ధనుర్మాసంలో చీకటి విడకముందే గుడి మైకులో తిరుప్పావై మొదలైతే, పక్క వీధిలో ఎవరో కళ్ళాపి చల్లుతున్న చప్పుడు వినబడుతుంది. ఉదయాన్నే రైతుబజారులో నా వయసు ఆవిడే నన్ను “పాపా” అని పిలిచి, తూచిన తరవాత ఇంకో నాలుగు చిక్కుడుకాయలు సంచిలో వేస్తుంది. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవానికి వెళ్ళి, మూడు గంటలు నిలబడి పుస్తకాలు తిరగేసి, మోకాళ్ళ నొప్పితో ఆటో ఎక్కుతాం. మిషిగన్ చలికాలంలో మా వారు రోజుకు పది మాటలు మాట్లాడరు. అక్కడ మెట్ల దగ్గర నిలబడి వాచ్‌మన్‌తో అరగంట రాజకీయాలు మాట్లాడతారు. డాక్టరు రాసే మందులు ఎన్ని ఉన్నా, ఆ అరగంట మరెక్కడా దొరకదు.

అలాగని అక్కడ మేము ఇంటివాళ్ళమనీ చెప్పలేను. దిగిన రోజు నుంచీ “ఎప్పుడొచ్చారు?” వెంటనే “తిరుగు ప్రయాణం ఎప్పుడు?” అన్నవే ప్రశ్నలు. మా పెదనాన్నగారి మనవడి పెళ్ళి మే నెలలో పెట్టుకుని, “మీరు ఎలాగూ ఉండరు కదా” అని శుభలేఖ కూడా ఇవ్వలేదు. ఫ్లాట్ల యజమానుల సమావేశంలో మెయింటెనెన్స్ అడుగుతారు, అభిప్రాయం అడగరు. 2024 ఆగస్టు చివర మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మేము ఇక్కడ టీవీ ముందు రాత్రంతా కూర్చున్నాం. ఎన్ని ఫోన్లు చేసినా మా ఇంటి సంగతి చెప్పేవారు దొరకలేదు. చివరికి తన సామాన్లు మా గడప ముందు పెట్టుకుని కూర్చున్న వాచ్‌మన్ భార్య ఫోనెత్తి, “మీ ఇంటికేం కాలేదమ్మా, మీరు పడుకోండి” అంది. ఆమె పిల్లలు ఎక్కడున్నారో అడగాలని నాకు అప్పుడు తోచలేదు. ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది.

ఇక ఈ ఫిబ్రవరి సంగతి. పటమటలో తెల్లవారుజామున మూడు గంటలకు ఫోను మోగింది, ఇక్కడ ముందురోజు సాయంత్రం నాలుగున్నర. మా గరాజు తలుపు కిందనుంచి నీళ్ళు వచ్చి మంచుగడ్డలై వాకిలి దాకా పరుచుకున్నాయని ఎదురింటావిడ చెప్పింది. థర్మోస్టాట్ 55 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టి వచ్చాం గానీ, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ ఎప్పుడో ఆగిపోయి, చలికి నీటి గొట్టం పగిలిపోయింది. పక్కింటివారు ఫ్లోరిడాలో ఉన్నారు, మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంది. దిక్కుతోచక సంఘం డైరెక్టరీ తెరిచి వరుసగా ఫోన్లు చేశాం. నలభై నిమిషాల్లో ఇద్దరు కుర్రవాళ్ళు మంచులో వెళ్ళి, తాళంచెవి లేక వెనక తలుపు అద్దం పగలగొట్టి, మోకాలి లోతు నీళ్ళలో బేస్‌మెంట్‌లోకి దిగి మెయిన్ వాల్వ్ కట్టేశారు. బొమ్మల కొలువు పెట్టెలు, పిల్లల ఫోటోలు, 1985 నుంచి దాచుకున్న మన పత్రిక సంచికలు అన్నీ ముద్దయిపోయాయి. ఇల్లు వెచ్చగా ఉంచడానికి తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపమని, ఏ తేదీల్లో ఎవరు వచ్చి చూశారో రాతపూర్వకంగా ఇమ్మని బీమా కంపెనీ అడిగింది. ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు. నష్టంలో సగం కూడా రాలేదు.

ఆ ఇద్దరిలో ఒకరు మన కోశాధికారే. అందుకే ఉగాదినాడు ఆ ప్రశ్న అతని నోటినుంచి వచ్చినప్పుడు నాకు కోపం రాలేదు, గుండెలో ముల్లు దిగినట్టయింది. సమావేశం తరవాత కారు దాకా వచ్చి, “ఆ రాత్రి మా బాబుకు జ్వరం ఆంటీ, వాణ్ణి వదిలి వచ్చాను. ఈ చలికాలంలో అలాంటి ఫోన్లు నాలుగొచ్చాయి” అన్నాడు. న్యాయంగా ఆలోచిస్తే అతని బాధలో తప్పులేదు. మనం కట్టుకున్న ఇళ్ళ భారాన్ని, ఇంట్లో పసిపిల్లలున్న ఇద్దరు ముగ్గురు యువకుల మీద, వాళ్ళను అడగకుండానే వదిలి వెళుతున్నాం. అంతే కాదు, ప్రయాణం చేసే ఓపిక లేక ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్ళు జనవరిలో ఎంత ఒంటరివాళ్ళో మనం చూడటం లేదు. ఇక్కడికి దగ్గరి క్యాంటన్‌లో ఉండే నా స్నేహితురాలు, భర్త పోయి రెండేళ్ళయింది, “మీరంతా వెళ్ళాక గురువారం భజనకు ముగ్గురమే మిగులుతాం” అంటుంది.

అయినా ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకోమని మీ అందరినీ వేడుకుంటున్నాను. ఆదాయపు పన్ను శాఖ, మెడికేర్, బీమా కంపెనీ మా రోజులను లెక్కపెట్టడం వాటి పని. వాటికి మేమెవరమో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. సంఘానికి మేము తెలుసు. మమ్మల్ని జాబితానుంచి తీసివేసే బదులు మాకు పని అప్పగించండి. చలికాలం వెళ్ళేవాళ్ళందరి పేర్లు, తేదీలు, రెండు దేశాల్లో ఫోన్ నంబర్లు, నీటి వాల్వ్ ఎక్కడుందో తెలిపే వివరం అక్టోబరులోనే ఒక పుస్తకంలో చేరాలి. వారానికొకసారి ఎవరో ఒకరు వెళ్ళి ఇల్లు చూసి, తేదీ వేసి సంతకం చేయాలి. ఉచితంగా వద్దు. వెళ్ళే ప్రతి కుటుంబం ఇందుకు కొంత సొమ్ము కట్టాలి, ఆ డబ్బుతో అవసరమైతే ప్లంబరును పిలవాలి, మిగిలితే ఇక్కడే ఉండిపోయిన పెద్దలను గుడికి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే కార్ల ఖర్చుకు వాడాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఆ కార్లు నడిపే బాధ్యత మాలాంటివాళ్ళది. వేసవి వనభోజనాల వంట, ఆదివారం బడి, చిన్నపిల్లల తల్లిదండ్రులకు శనివారం సాయంత్రాలు కాస్త విశ్రాంతి కూడా మాకే అప్పగించండి.

మా ఇద్దరి పేర్లూ రాసి ఈ మేరకు ఒక అర్జీ కార్యదర్శి గారికి ఇచ్చాను, ఇప్పటికి మరో ఏడు కుటుంబాలు సంతకం చేశాయి. సెప్టెంబరు సమావేశానికి దయచేసి అందరూ రండి. కొత్తగా వేయించిన వెనక తలుపుకు మూడు తాళంచెవులు చేయించాం. ఒకటి మా దగ్గర ఉంటుంది, ఒకటి మా అమ్మాయికి పంపాం. మూడోది ఆ రోజు వెంట తీసుకువస్తాను.